ముందు కరెంటు, తర్వాతే పెట్రోలు

పాత కారు మిస్సింగ్ కొడితే అందరి చెయ్యీ కార్బొరేటర్ మీదికే పోతుంది. రోగం మాత్రం చాలాసార్లు ఆ పక్కనున్న నల్లమూత కింద ఉంటుంది.

హైదరాబాద్ గోపన్‌పల్లి తండా చౌరస్తాలో 2024 జులైలో తెరిచిన ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కొత్త కారుకు ఎత్తు ఎక్కుతున్నట్టే తెలియదు. ఎంత పెట్రోలు చిమ్మాలో, ఏ క్షణాన నిప్పు రగిలించాలో లోపలున్న కంప్యూటరే చూసుకుంటుంది. యాభై ఏళ్లు దాటిన అంబాసిడర్‌కు ఆ సౌకర్యం లేదు. సగం కాలుతో, మూడో గేరులో ఆ ర్యాంపు ఎక్కించి చూడండి. ఇంజన్‌లో ఏ లోపం ఉన్నా అక్కడ దాగదు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అలాంటి మార్క్-2 ఒకటుంది. ఖమ్మంలో డాక్టరుగా చేసిన తండ్రి కొనుక్కున్న బండి. ఆయన పోయాక కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడు. పగలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం వస్తే ఈ కారుతోనే కాలక్షేపం. కొంతకాలంగా అది ర్యాంపు మీద గింజుకుంటోంది. స్లోలో నిల్చున్నంతసేపూ చక్కగా తిరిగే ఇంజన్, కాలు మెల్లగా నొక్కగానే దగ్గినట్టు కుదుపులు ఇస్తోంది. ఊళ్లో ఒక గ్యారేజీకి తీసుకెళితే కార్బొరేటర్ విప్పి కడిగారు. తగ్గలేదు. మళ్లీ విప్పి కొత్త కిట్టు వేశారు. అయినా తగ్గలేదు. ఇక కార్బొరేటరే మార్చాలన్నారు. అప్పుడు పాతబస్తీ నుంచి ఒక ఉస్తాద్‌ను పిలిపించాడు.

వచ్చిన పెద్దాయన బానెట్ ఎత్తలేదు. ముందు అడగడం మొదలుపెట్టాడు.

“ఎప్పుడు మిస్ కొడ్తుంది సార్? సల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా?”

“రెండింటికీ తేడా లేదు ఉస్తాద్. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో మెల్లగా పోయేటప్పుడు గింజుకుంటుంది.”

“కాలు మొత్తం నొక్కితే?”

“అప్పుడు సాఫీగా లాగేస్తుంది.”

“మరి కార్బొరేటర్ ఎందుకు ఇప్పించిన్రు సార్? పెట్రోలు సాలకుంటె మొత్తం నొక్కినప్పుడే గదా ముందుగాల ఊపిరాడనిది!”

ఆ ఒక్క మాటలో సగం పరీక్ష అయిపోయింది. పెట్రోలు తక్కువవుతున్న ఇంజన్ బరువు పెరిగేకొద్దీ నీరసపడుతుంది. పూర్తిగా నొక్కినప్పుడు బాగుండి, సగం నొక్కినప్పుడు మాత్రం తడబడుతోందంటే, సగం నొక్కినప్పుడు మాత్రమే పనిచేసే భాగం ఏదో చెడిందన్నమాట. అలాంటి భాగం ఈ ఇంజన్‌లో ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ పక్కన అతుక్కుని ఉండే చిన్న డబ్బా, వ్యాక్యూమ్ అడ్వాన్స్. కార్బొరేటర్ నుంచి సన్నని గొట్టం దానికి వెళుతుంది. స్లోలో ఆ గొట్టంలో లాగుడు ఉండదు. థ్రాటిల్ కాస్త తెరుచుకోగానే లాగుడు మొదలై, డబ్బాలోని పొర కదిలి, పాయింట్లు బిగించిన ప్లేటును కొద్దిగా తిప్పుతుంది. దాంతో నిప్పు కాస్త ముందుగా పడుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే లాగుడు పోయి, ప్లేటు వెనక్కి వస్తుంది.

ఉస్తాద్ ఆ గొట్టాన్ని ఊడదీసి, కార్బొరేటర్ వైపు రంధ్రాన్ని ఒక చిన్న మేకుతో మూసి, “ఇప్పుడు పోయి రండి” అన్నాడు. కారు ర్యాంపు ఎక్కి దిగి వచ్చింది. పికప్ కాస్త తగ్గింది గానీ ఒక్క కుదుపూ లేదు.

తర్వాత డిస్ట్రిబ్యూటర్ నల్లమూత తీశాడు. కాయిల్ నుంచి వచ్చి పాయింట్లకు చేరే సన్నని తీగ లోపల ఉంటుంది. ప్లేటు కదిలినప్పుడల్లా అదీ వంగుతుంది. పైనున్న గుడ్డ తొడుగు చెక్కుచెదరలేదు. రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే మాత్రం సాగింది. లోపల రాగి పోగులన్నీ తెగిపోయి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని మాత్రమే ఉన్నాయి. ప్లేటు తిరగగానే కొసలు విడిపోయేవి, కరెంటు ఆగిపోయేది. ప్లేటు వెనక్కి రాగానే మళ్లీ కలిసేవి. ఇన్నాళ్లూ కార్బొరేటర్ మోసిన నింద ఈ జానెడు కూడా లేని తీగది. సన్నపోగుల మెత్తని తీగ ఒకటి వేసి, పాయింట్ల గ్యాప్ సరిచేసి, క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాసి, గొట్టం తిరిగి తగిలించాడు. అంతే.

నింద దానికే ఎందుకు?

కార్బొరేటర్ కంటికి కనిపిస్తుంది. పెట్రోలు వాసన వస్తుంది. విప్పడానికి వీలుగా పైనే ఉంటుంది. కడిగితే ఏదో ఒక మురికి రాకపోదు, మెకానిక్ అరచేతిలో దాన్ని చూపిస్తే ఓనర్‌కు నమ్మకం కుదురుతుంది. పని జరిగినట్టే ఉంటుంది, బండి మాత్రం మునుపటిలాగే ఉంటుంది. పైగా విప్పిన ప్రతిసారీ కొంత నష్టం. జెట్టు రంధ్రంలో ఇనుప తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా మిశ్రమం కుదరదు. స్క్రూ ఎన్ని చుట్లు లోపలికి ఉందో రాసుకోకుండా తిప్పితే మొదటి చోటు తిరిగి దొరకదు. నా దృష్టిలో కార్బొరేటర్ ఆఖరున ముట్టుకోవాల్సిన వస్తువు. మిగతావన్నీ సరిగా ఉన్నాయని తేలేదాకా దాని జోలికి పోకూడదు.

అసలు అది చేసే పని చాలా సాదా. లోపల గొట్టం ఒకచోట ఇరుకుగా ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలి అక్కడ వేగం అందుకుంటుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గి, కింది గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకి ఎగబాకి గాలిలో తుంపరలుగా కలుస్తుంది. సెన్సార్ లేదు, చెక్ ఇంజన్ లైటు లేదు, ల్యాప్‌టాప్ తగిలించే సాకెట్టూ లేదు. విప్రో క్యాంపస్ నుంచి గౌలిదొడ్డి దాకా ఈ దారిన పోయే కార్లు తమ రోగాన్ని తామే కోడు రూపంలో చెప్పుకుంటాయి. ఈ బండి రోగం తెలియాలంటే చెవి, ముక్కు, ప్లగ్గు రంగు, నాలుగు చవక పనిముట్లు కావాలి. వరస తప్పని ఓపిక కూడా ఉండాలి.

ఆ వరస ఇంజన్ ఒంట్లో సత్తువతో మొదలవుతుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ తిప్పాలి. నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి, పది శాతానికి మించి తేడా ఉండకూడదు. ఒకటి పడిపోతే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే హెడ్డు గ్యాస్కెట్ ఆ రెంటి మధ్య కాలిపోయిందేమో అనుమానించాలి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నుంచి పుట్టిన అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజన్‌కు మధ్యనున్న రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ ఒకే దారిన బయటికి పోతుంది. అక్కడ వేడి ఎక్కువ.

ఆ తర్వాత ట్యాపెట్లు. పాత ఇంజన్లకు ఈ మధ్యకాలపు కష్టం ఒకటుంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. అది ఆరోగ్యానికి మేలు, అందులో సందేహం లేదు. కాకపోతే ఆ సీసం వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తని పొరలా పనిచేసేది. అది లేకపోయాక మెత్తని పోత ఇనుప సీట్లు అరిగి, ఎగ్జాస్ట్ వాల్వులు లోపలికి కూరుకుపోతూ ట్యాపెట్ సందును మింగేస్తాయి. సందు పూర్తిగా పోతే వాల్వు మూసుకోదు, స్లోలో బండి ఊగుతుంది. టపటప చప్పుడు చేసే ట్యాపెట్‌ను చూసి జనం భయపడతారు. నిజానికి అస్సలు చప్పుడు చెయ్యని ట్యాపెట్‌కే ఎక్కువ భయపడాలి.

రంపపు బ్లేడు, విజిటింగ్ కార్డు

ఇప్పుడు కరెంటు. నాలుగు సిలిండర్లలో ఏది పని మానుకుందో తెలుసుకోవడానికి పాత పద్ధతే మంచిది. ఇంజన్ స్లోలో తిరుగుతుండగా, రబ్బరు పిడి కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో ప్లగ్గు వైరు ఊడదీసి చూడాలి. ఊడదీయగానే ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా ఏ తేడా రాకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. ఆ ప్లగ్గును పక్కదానితో మార్చి చూడండి. మిస్సింగ్ ప్లగ్గుతోపాటు పక్క సిలిండర్‌కు మారితే ప్లగ్గుది తప్పు. మారకపోతే వైరు, క్యాపు, ఆ తర్వాత వాల్వు. వరసగా వెతకాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఇంజన్‌కు నాలుగు కొత్త భాగాలు ఒకేసారి వేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ప్లగ్గు రంగు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. బండి ఇబ్బంది పెడుతున్న వేగంలోనే ఇంజన్ ఆపి, పక్కకు తీసి, చల్లారనిచ్చి చూడాలి. ఇంటిదాకా వచ్చి, సెల్లార్‌లో పది నిమిషాలు స్లోలో ఉంచి తీస్తే కనిపించేది స్లో తాలూకు రంగే. లేత గోధుమ రంగుంటే క్షేమం. పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువైందని చెబుతుంది. తడి నలుపు, జిడ్డు ఉంటే ఇంజనాయిల్ పైకి వస్తోంది. పింగాణీ తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.

ఉస్తాద్ సంచిలో ఫీలర్ గేజ్ ఉంది. అయినా ప్లగ్గు గ్యాప్‌కు రంపపు బ్లేడు ముక్కనే వాడాడు. నాకు ముందు నమ్మకం కలగలేదు. కొలిచి చూస్తే మామూలు హాక్సా బ్లేడు మందం 0.63 మిల్లీమీటర్లు, ఈ ఇంజన్ అడిగేది అటూఇటుగా అంతే. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. దానికి దళసరి విజిటింగ్ కార్డు సరిపోతుంది. ఇన్నేళ్లుగా గ్యారేజీల్లో కొలబద్ద లేకుండా జరిగిన ట్యూనింగ్ గుడ్డిగా జరగలేదన్నమాట.

పాయింట్లు కాలి గుంటలు పడితే కండెన్సర్‌ను అనుమానించాలి. ఇది ఒకప్పుడు ఏళ్ల తరబడి నిలిచేది. ఇప్పుడు దొరికే కొత్తవాటిలో వేసిన వారానికే పోయేవి ఉన్నాయి. అందుకే రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో పాత స్టాకు కనబడితే తెలిసినవాళ్లు వదలరు. కొత్త భాగం వేశాం కాబట్టి అది బాగానే ఉంటుందనే నమ్మకం పాత కార్ల విషయంలో పెద్ద ఉచ్చు. ఇక హైటెన్షన్ వైర్ల లీకు పట్టుకోవాలంటే రాత్రిపూట సెల్లార్ లైట్లు ఆర్పి, ఇంజన్ తిప్పి, బానెట్ ఎత్తి చూడండి. పగుళ్లున్నచోట నీలిరంగు మెరుపులు పాకుతూ కనిపిస్తాయి.

కరెంటు సరిగా ఉందని తేలాక గాలి. మానిఫోల్డు ప్యాకింగు దగ్గర, కార్బొరేటర్ అడుగున, గట్టిపడిన రబ్బరు గొట్టాల దగ్గర దొంగగాలి దూరుతుంది. ఆ చోట్ల కార్బొరేటర్ క్లీనర్ కొద్దికొద్దిగా కొడుతూ పోతే, కన్నం ఉన్నచోట స్లో ఒక్కసారిగా మారుతుంది. సైలెన్సర్ వేడిగా ఉంటుంది, ఆ క్లీనర్ మండుతుంది, దగ్గర్లో నీళ్లో ఇసుకో పెట్టుకుని చెయ్యండి. వ్యాక్యూమ్ గేజ్ ఉన్నవాళ్లకు మరో మాట. విదేశీ పుస్తకాలు స్లోలో 17 నుంచి 21 అంగుళాలు చూపాలంటాయి. ఆ లెక్క సముద్రమట్టానిది. హైదరాబాద్ అంతకన్నా 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున ఇక్కడ తగ్గుతుంది. గోపన్‌పల్లిలో ముల్లు ఒకటిన్నర, రెండంగుళాలు కింద ఆగితే కంగారుపడి టైమింగ్ కదపకండి. అంకె కన్నా ముల్లు నిలకడ ముఖ్యం. క్రమం తప్పకుండా ఒకే లయలో దిగిపడే ముల్లు వాల్వు లీకును చూపిస్తుంది.

తడిగుడ్డ కథ

ఎండాకాలంలో ఇంకో తంటా ఉంది. ప్రీమియర్ పద్మిని నడిపినవాళ్లకు బాగా గుర్తుంటుంది. ఇంజన్ పక్కనే ఉన్న పెట్రోలు పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరై, బండి నడిరోడ్డున నిలబడిపోయేది. డ్రైవర్ దిగి పంపు మీద తడిగుడ్డ వేసేవాడు, పది నిమిషాలకు బండి కదిలేది. సరిగ్గా ఇవే లక్షణాలు వేడెక్కిన కాయిల్‌కూ ఉంటాయి. అదీ చల్లారితే పనిచేస్తుంది. తేడా కనిపెట్టాలంటే బండి ఆగిన ఆ క్షణంలోనే ప్లగ్గు వైరు తీసి నిప్పు వస్తోందో లేదో చూడాలి. నిప్పు వస్తుంటే తడిగుడ్డ, రాకపోతే కొత్త కాయిల్. చల్లారేదాకా ఆగితే సాక్ష్యం పోతుంది.

ఇన్ని దాటుకున్నాక కార్బొరేటర్ దగ్గరికి రావచ్చు. తొలి అంబాసిడర్ల ఎస్.యు. కార్బొరేటర్‌కు చక్కని పరీక్ష ఒకటుంది. పక్కనున్న చిన్న పిన్నుతో లోపలి పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు పైకి లేపాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, క్షణకాలం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పైనున్న గొట్టంలో నూనె ఉందో లేదో కూడా చూడండి. అది ఎండిపోతే ఒక్కసారిగా కాలు నొక్కినప్పుడు బండి తడబడుతుంది, మూత విప్పి కాస్త నూనె పోస్తే పోయే రోగం అది. పద్మినిలో ఉండే సోలెక్స్ కథ వేరు. అందులో స్లోకు ప్రత్యేకంగా పైలట్ జెట్టు ఉంటుంది. స్లోలో ఆగిపోతూ వేగంలో బాగా నడుస్తుంటే ముందు దాన్ని తీసి గాలి ఊదాలి.

ఇప్పుడు ఈ పాత కార్లన్నిటికీ కలిపి వచ్చిన సమస్య పెట్రోలే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చింది, 2025 నాటికి దేశమంతా అదే అయింది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 చాలు. కొత్త కారు సెన్సార్‌తో తెలుసుకుని పెట్రోలు పెంచుకుంటుంది. జెట్టు కొలత మారని కార్బొరేటర్ మునుపటంతే ఇస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. ఇంజన్ వేడెక్కడం, కార్బొరేటర్‌లోంచి తుమ్మినట్టు బ్యాక్ కొట్టడం, ప్లగ్గులు తెల్లబడటం దీని గుర్తులు. ఎస్.యు.లో జెట్టు నట్టును ఒక్కో పలక చొప్పున దింపుతూ పిన్ను పరీక్ష చేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పంపు డయాఫ్రమ్, గొట్టాలు, గిన్నెలోని సూది కొస మార్చుకోక తప్పదు. ఇథనాల్‌ను తట్టుకునే రకమేనా అని అడిగి కొనండి. దశాబ్దాలుగా ట్యాంకు అడుగున పేరుకున్న జిగురును కూడా అది కరిగించి ముందుకు తోస్తుంది, కాబట్టి మొదట్లో ఫిల్టర్ తరచూ మార్చాలి. గాలిలో తేమను పీల్చుకునే గుణం వల్ల నెలల తరబడి సెల్లార్‌లో నిలబెట్టిన బండికి మరీ చేటు. సగం ట్యాంకుతో వానాకాలమంతా వదిలేసి, దసరాకు పూజ చేసి స్టార్ట్ చెయ్యబోతే మొరాయించడంలో వింతేమీ లేదు. నిలబెట్టే ముందు కార్బొరేటర్ గిన్నె ఖాళీ చెయ్యడం, ట్యాంకు నిండా ఉంచడం, కనీసం పదిహేను రోజులకోసారి నిజంగా రోడ్డెక్కించడం మేలు. సెల్లార్‌లో రెండు నిమిషాలు తిప్పి ఆపేస్తే ప్లగ్గులకు మసి పట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల రోల్స్ రాయిస్‌ను చూడటానికి జనం వెళతారు. 1982లో హరికృష్ణ స్టీరింగ్ పట్టి నడిపిన చైతన్యరథం, ఆ పాత షెవర్లె వ్యాను, తెలుగువాళ్లకు ఇప్పటికీ గుర్తే. అద్దాల వెనక నిలబెట్టిన కారుకు గౌరవం ఉంటుంది, కాదనను. కానీ ఆరోగ్యంగా నడుస్తున్న అంబాసిడర్ నాలుగు సిలిండర్ల లయ వినడం వేరు. ఉత్తర్‌పారాలో వాటి తయారీ 2014 మేలో ఆగిపోయింది. కార్లు మిగిలాయి. ప్రశ్నలు అడిగి రోగం పట్టే ఉస్తాదులు మాత్రం తగ్గిపోతున్నారు. ఆ ఆదివారం మా సెల్లార్‌లో పని చేసిన పెద్దాయన దగ్గర ఇప్పుడు నేర్చుకునే కుర్రాడు ఎవరూ లేరు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే.

ఇంట్లో పాత కారు ఉన్నవాళ్లకు రెండు మాటలు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 2021 కేంద్ర నిబంధనల ప్రకారం ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కొత్తగా అయితే రుసుము రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కాకపోతే ఆ తర్వాత దాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ పెట్రోలుకూ మాత్రమే తియ్యాలి. ఆఫీసుకు నడుపుకోవాలనుకుంటే ఆ సంగతి ముందే ఆలోచించుకోండి.

రెండోది, ఈసారి ఉస్తాద్ వచ్చినప్పుడు బండి తాళం ఇచ్చి పైకి వెళ్లిపోకండి. పక్కన నిలబడండి, ఏం అడుగుతున్నాడో వినండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఏ స్క్రూ ఎన్ని చుట్లో రాసుకోండి. మీ పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లుంటే చేతికి ఫీలర్ గేజ్ ఇచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టండి. ఆయన అడిగిన కూలి ఇవ్వండి, బేరమాడకండి.